ఆ నాలుగు మిల్లీమీటర్లు నావే

2017 జూన్ మొదటి వారంలో నన్ను నాచారం నుంచి ఉప్పల్‌కు పంపారు. పంపారంటే బదిలీ అనుకోకండి. ఇరవై ఏడేళ్లు నేను పనిచేసిన ఫౌండ్రీ నాచారంలో కొలిమి ఆర్పేసింది. యజమాని ఇనుము కరిగించే పనిని రింగు రోడ్డు అవతలికి తీసుకెళ్లాడు, ప్యాటర్న్ షాపును మాత్రం పూర్తిగా ఎత్తేశాడు. అందులో చివరికి మిగిలింది ముగ్గురం. ఇద్దరు సెటిల్‌మెంట్ తీసుకుని వెళ్లిపోయారు. నాకు అప్పటికి యాభై నాలుగేళ్లు. యజమాని బంధువు ఒకాయన ఉప్పల్ పారిశ్రామికవాడలో కొత్తగా పెట్టిన చిన్న కంపెనీలో 'చెకర్' అనే పోస్టు ఉంది, ఆరు నెలలు ప్రొబేషన్ మీద చేరమన్నారు. చేరాను.

ఫౌండ్రీ ఎందుకు పోయిందని అడిగేవాళ్లకు ఒక్క మాటలో చెబుతాను. పొగ వస్తోందని చుట్టుపక్కల అపార్టుమెంట్లవాళ్లు పెట్టిన అర్జీలు ఒక ఫైలు నిండా ఉండేవి. నేను చేరిన రోజుల్లో ఆ చిమ్నీ చుట్టూ తుమ్మచెట్లూ బండరాళ్లూ తప్ప ఏమీ లేవు. చిమ్నీ పక్కన స్థలం కొని, దాని వైపే బాల్కనీ పెట్టుకుని, బాల్కనీలోకి పొగ వస్తోందని కోపం తెచ్చుకున్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. వాళ్ల ఇంటి మోటారు పంపులో ఉన్న ఇనుము, వాళ్ల వీధి మ్యాన్‌హోలు మూతలో ఉన్న ఇనుము ఎక్కడో ఒకచోట కరగాలి కదా. సరే, దానికోసం ఈ వ్యాసం రాయడం లేదు.

ప్యాటర్న్ మేకర్ అంటే చాలామందికి తెలియదు. బ్యాంకులో చెబితే వడ్రంగి అని రాసుకుంటారు. వడ్రంగం గౌరవమైన పనే, మా నాన్న అదే చేశాడు. కానీ వడ్రంగి చేసిన తలుపు తలుపుగానే ఉంటుంది. ప్యాటర్న్ మేకర్ టేకుతో చేసిన పంపు పంపు కాదు. ఆ చెక్క రూపాన్ని మోల్డర్ ఇసుకలో అదిమి, పైకి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తాడు. ఇనుము చల్లారాక బయటికి వచ్చేదే అసలు వస్తువు. దాన్ని కాస్టింగ్ అంటారు. వస్తువు లోపల బోలుగా ఉండాలంటే, ఆ బోలు ఆకారంలో ఇసుక ముద్ద ఒకటి చేసి గుంట మధ్యలో నిలబెడతారు. దాన్ని కోర్ అంటారు. ఆ ముద్ద చేసే అచ్చును కోర్ బాక్స్ అంటారు. ఇంతకు మించి మీకు అవసరం లేదు.

నేను చదివింది ఏడో తరగతి. డ్రాయింగు చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంజనీరింగ్ పుస్తకాలు కొనుక్కొచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి వారం పట్టినా సరే చదివాను. డిప్లొమా చేసి వచ్చినవాళ్లు సెక్షన్ వ్యూ, అంటే వస్తువును మధ్యకు కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపే బొమ్మ, అర్థం కాక నా బల్ల దగ్గరికి వచ్చేవారు. ప్రమోషన్ల లిస్టు వచ్చినప్పుడు వాళ్ల పేర్లే ఉండేవి. సర్టిఫికెట్ లేదు కదా అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, ఎవరెవరు అన్నారో, ఏ రంగు చొక్కాలు వేసుకుని అన్నారో కూడా నాకు గుర్తుంది.

ఇక అసలు విషయానికి కావలసిన సంగతి ఒకటి చెప్పాలి. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. నూటికి ఒక వంతు. నాలుగు వందల మిల్లీమీటర్ల వస్తువు కావాలంటే ప్యాటర్న్‌ను నాలుగు వందల నాలుగు చేయాలి. ప్రతి కొలతకూ ఇలా కలుపుకుంటూ కూర్చుంటే ఎక్కడో ఒకచోట తప్పు పడుతుంది. అందుకని మా వృత్తిలో ష్రింకేజ్ స్కేలు అని ఒకటి ఉంటుంది. చూడటానికి మామూలు స్టీలు స్కేలే. దాని మీది గీతలను మాత్రం నూటికి ఒక వంతు ఎడంగా చెక్కుతారు. దానిమీద నాలుగు వందలు అని ఉన్నచోట నిజానికి నాలుగు వందల నాలుగు ఉంటుంది. డ్రాయింగులో నాలుగు వందలు అని ఉంటే ఆ స్కేలు మీద నాలుగు వందలు చూసి చెక్క కోస్తాం. పెరగాల్సింది దానంతటదే పెరుగుతుంది.

ప్యాటర్న్ షాపులోకి మామూలు స్కేలు తేకూడదన్నది మా కట్టుబాటు. రెండు రకాలూ పక్కపక్కన ఉంటే ఏదో ఒకరోజు చెయ్యి తప్పు దానిమీద పడుతుంది. కొత్తగా చేరినవాడి జేబులో మామూలు టేపు కనిపిస్తే మా పెద్ద మేస్త్రి కిటికీలోంచి బయటికి విసిరేసేవాడు. నేను మేస్త్రినయ్యాక నేనూ విసిరాను. దానివల్ల నాకు ఏం జరిగిందో ఆ రోజుల్లో తోచలేదు. ఇరవై ఏడేళ్లపాటు పని వేళల్లో నా కంటికి అసలైన మిల్లీమీటరు తగల్లేదు. నేను చదివిన ప్రతి అంకే చల్లారిన ఇనుము కొలత.

ఉప్పల్ ఆఫీసులో చెక్కే లేదు. రెసిన్ బోర్డు అని ఇటుక రంగు దిమ్మలు వస్తాయి. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే యంత్రం ఆ దిమ్మను ప్యాటర్న్‌గా చెక్కిపెడుతుంది. కుంచింపు వంతును కూడా కంప్యూటరే కలుపుతుంది. కాస్టింగ్ కొలతలు ఇచ్చి, పోసేది ఇనుమని చెబితే చాలు, మొత్తం బొమ్మను అంత మేరకు పెంచుతుంది. వచ్చిన ప్యాటర్న్‌ను కొలిచి, సరిగ్గా ఉందని సంతకం చేయడం చెకర్ పని. డ్రాయింగు లేని పాత వస్తువులు వస్తే వాటి కొలతలు తీసి డిజైన్ సెక్షన్‌కు చెప్పడం కూడా నాదే.

మేనేజర్ పేరు ప్రభాకర్. నలభై ఏళ్లుంటాయి, వరంగల్ మనిషి, చెడ్డవాడు కాదు. చేరిన రోజే నేను సంచిలోంచి నా స్కేలు తీయడం చూశాడు.

"మల్లేశమన్నా, గది ఇగ ఇంట్ల పెట్టు. ఈడ అంత డిజిటలే. నీ స్కేలు, మా కంప్యూటర్ రెండు కలిస్తే ఆగమైతం" అన్నాడు.

ఆయన అన్నది నేను నా షాపులో ముప్పైసార్లు అన్న మాటే. అయినా నాకు అవమానంగా తోచింది. స్కేలును సంచి అడుగుకు తోశాను, ఇంట్లో మాత్రం పెట్టలేదు.

డిజైన్ సెక్షన్ అంటే సాహితి అనే అమ్మాయి ఒక్కతే. గుంటూరు వైపు నుంచి వచ్చింది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది, రామంతాపూర్ హాస్టల్‌లో ఉండేది. ఆమె కూడా ప్రొబేషన్ మీదే ఉంది. ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే వచ్చేయమని ఇంట్లో అంటున్నారని ఒకసారి చెప్పింది. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. నా వయసులో సగం కూడా లేని పిల్ల తెర మీద చూపించింది చూసి నేను తల ఊపాలి. ఆ ఊపడం నాకు ఎంత కష్టంగా ఉండేదో ఆమెకు తెలిసి ఉండదు.

దేవుడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ఆయనకు భాగం ఉంది. మా ఇలవేల్పు కీసర రామలింగేశ్వరుడు. నాచారం షాపులో నా బల్లపైన ఆయన పటం ఉండేది. పొద్దున్నే ఊదుబత్తి వెలిగించాకే ఉలి పట్టేవాణ్ణి. ఉప్పల్‌లో పొగకు అలారం మోగుతుందని ఊదుబత్తి వద్దన్నారు. సరే, మనసులోనే మొక్కుకునేవాణ్ణి. ఆ నెలలన్నీ నేను అడిగింది ఒకటే, పాత షాపు తెరిపించమని. ఎలా తెరిపించాలో కూడా చెప్పేవాణ్ణి. అర్జీలు కొట్టివేయించు, యజమాని మనసు తిప్పు, అది కుదరకపోతే కుషాయిగూడ వైపు ఏదైనా ఫౌండ్రీలో చెక్క పని చూపించు. రోజూ తప్పకుండా అడుగుతున్నాను కాబట్టి నాకు దేవుడి మీద నమ్మకం గట్టిదని అనుకునేవాణ్ణి.

దసరా వెళ్లాక ఒక పార్టీ, అంటే మాతో పని చేయించుకునే కంపెనీ, పాత జాబ్ ఒకటి తెచ్చింది. పొలాల్లో వాడే పాత రకం పంపు బాడీ. డ్రాయింగు ఎప్పుడో పోయింది. అడుగున చెదలు తిన్న చెక్క ప్యాటర్న్, దాని కోర్ బాక్స్ మాత్రం మిగిలాయి. తిప్పి చూస్తే జాబ్ నంబరు నా చేతిరాతతో ఉంది. పదహారేళ్ల కిందట నేను చేసిందే. దాన్ని చూసి కొలతలు తీసి రెసిన్‌లో కొత్తది చేయాలి. ఆ రోజు నేను చాలాకాలం తర్వాత ఉత్సాహంగా పని మొదలుపెట్టాను. డిజిటల్ వెర్నియర్ చేతికిచ్చారు. గీతలు చూసుకునే పని లేదు, చిన్న తెరమీద అంకెలు వస్తాయి. నేను కొలిచి పైకి చదువుతుంటే సాహితి కంప్యూటర్‌లో ఎక్కించింది.

ఆ పంపుకు మూత బిగించడానికి నాలుగు చెవులు ఉంటాయి. ఎదురెదురు చెవుల మధ్య దూరం నాలుగు వందల నాలుగు అని చదివాను. ఆమె చెయ్యి ఆగింది.

"బాబాయ్ గారూ, ఇవి కాస్టింగ్ కొలతలేనాండీ? నాలుగు వందల నాలుగంటే ఏదోలా ఉంది. ముందు చదివినవి కూడా అన్నీ ఇలాగే రౌండు కాకుండా వచ్చాయి."

"ఇరవై ఏడేండ్ల సంది నేను సదివిన కొలత ఎప్పుడన్న తప్పిందా? కాస్టింగ్ కొలతలే. నేను జెప్పింది జెప్పినట్టు కొట్టు" అన్నాను. గొంతు పెద్దదే అయింది. పక్క గదిలో యంత్రం దగ్గర ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నేను చదివే అంకె కాస్టింగ్ కొలత కాకుండా మరొకటి అయ్యే అవకాశం ఉందని నా బుర్రకు అందలేదు. అది చేతికి పట్టిన అలవాటు. కానీ ఆ పిల్ల సరైన ప్రశ్న అడిగింది. ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సిన చోట నేను సర్వీసు లెక్క చెప్పాను.

ప్యాటర్న్ తయారై ఫౌండ్రీకి వెళ్లింది. చెకర్‌గా కొలిచి సంతకం చేసింది కూడా నేనే. కంప్యూటర్ ఇచ్చిన కాగితంతో సరిపోయింది, సరిపోక ఏమవుతుంది? కార్తీకం చివరి వారంలో, ఒక శనివారం మధ్యాహ్నం, ట్రయల్ కాస్టింగ్ వచ్చింది. పార్టీ మనిషి తన దగ్గరున్న పాత మూత తెచ్చి దానిమీద పెట్టాడు. ఒకవైపు చెవి మీద చెవి కూర్చుంది. ఎదురువైపు చెవి మూత కంటే బయటికి వచ్చింది, నాలుగు మిల్లీమీటర్లు. ఆయన మూతను తిప్పి పెట్టాడు, మళ్లీ తిప్పి పెట్టాడు. మూత పట్టుకుని వెళ్లిపోయాడు.

ప్రభాకర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఫైలు తెరిచాడు. కాస్టింగ్ కొలత నాలుగు వందలు ఉండాల్సిన చోట నాలుగు వందల నాలుగు ఉంది, దానిమీద యంత్రం మళ్లీ ఒక వంతు కలిపింది. కారణం ఆయనకు వెంటనే తోచింది. కొత్తగా చేరినవాళ్లు కుంచింపు వంతును చేత్తో ఒకసారి కలిపి, అది మరిచి కంప్యూటర్‌తో ఇంకోసారి కలిపించడం ఈ పనిలో మామూలే.

"రెండుసార్లు కలిపినవమ్మా. మల్లేశమన్న చేతి కొలత తప్పదు. కన్ఫర్మేషన్ ముంగట గిదా చేసేది?" అన్నాడు.

సాహితి నావైపు చూసింది. ఒక్కసారే. ఆమె దగ్గర కాగితం లేదు, నోటితో చెప్పిన కొలతలకు సాక్ష్యం ఉండదు. "నేను మళ్లీ సరిచూసుకోవాల్సింది సార్" అంది. నా పేరు ఎత్తలేదు.

ప్రభాకర్ నావైపు తిరిగి, "ఏమన్నా, నాలుగొందలనే చెప్పినవ్ గద?" అని అడిగాడు.

పాత ప్యాటర్న్ ఇంకోసారి చూసి సోమవారం చెబుతానన్నాను. అలాగే కానిమ్మన్నాడు. సోమవారం పదకొండింటికి ఈ కంపెనీ యజమాని వస్తాడు, ఆయనకు రిపోర్టు ఇవ్వాలన్నాడు.

అందరూ టీకి వెళ్లాక చెక్క ప్యాటర్న్‌ను బల్లమీద పెట్టి సంచి అడుగునుంచి నా స్కేలు తీశాను. చెవి నుంచి చెవికి నాలుగు వందలు, గీత మీద గీత. పక్కనే డిజిటల్ వెర్నియర్ పెట్టాను. నాలుగు వందల నాలుగు. అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. నేను చెప్పిన కొలతల్లో కుంచింపు వంతు ముందే ఉంది. పదహారేళ్ల కిందట కలిపింది నేనే.

ఇక్కడ నా పరిస్థితి స్పష్టంగా చెబుతాను. ప్రొబేషన్ ముగియడానికి మూడు వారాలుంది. కొలవడం కోసమే పెట్టుకున్న మనిషి కొలత తప్పాడని తెలిస్తే పంపేయడానికి ఒక్క సంతకం చాలు. సర్టిఫికెట్ లేదు, చెక్క ప్యాటర్న్‌లు చేయించుకునే షాపులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, ఇంట్లో వేరే సంపాదన లేదు. నోరు మూసుకుంటే నన్ను ఎవరూ పట్టుకోలేరు. ఆ పిల్ల మాత్రం వెళ్లిపోతుంది.

మరునాడు ఆదివారం. నేనూ నా భార్య సత్తెమ్మా కార్తీకంలో ఒకసారైనా కీసర గుట్టకు వెళతాం. ఈసీఐఎల్‌లో బస్సు మారాం. నాగారం దాటేవరకూ నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆమె వత్తుల డబ్బా ఒళ్లో పెట్టుకుని నన్ను గమనిస్తూనే ఉంది. గుట్ట మెట్ల దగ్గర అడిగింది.

"ఏందయ్యా, పొద్దటి సంది మూతి గట్ల పెట్టినవ్? పుల్లట్టు తిన్నోని లెక్క."

జరిగిందంతా చెప్పాను. స్కేలు సంగతి ఆమెకు కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో దానితో కొలిచి ఇంటి కిటికీకి అద్దం కోయించి తెచ్చి తిట్లు తిన్నాను.

"అయితె తప్పు నీదే గద."

"నాదే."

"మరి చెప్పు."

"చెప్తె ఇంటికి తోలుతరు. ఈ వయసుల నన్నెవడు పెట్టుకుంటడే?"

"చెప్పకుంటె ఆ పిల్లను తోలుతరు."

నేను రెండు మెట్లు ఎక్కాను. తర్వాత, దేవుడు ఏదైనా తోవ చూపిస్తాడేమోనని చూస్తున్నానన్నాను.

ఆమె మెట్టు మీద ఆగిపోయింది. ఆయాసపడుతూనే నవ్వింది.

"తొవ్వ ఆయన సూపుడేంది? ఆర్నెల్ల సంది నువ్వే సూపెడ్తున్నవ్ గద ఆయనకు. పాత షాపు తెరువు, గీ తీరుగ తెరువు, గది గాకుంటె గిది జెయ్యి అని. ఆయనేమన్న నీ కింద మోల్డరా, డ్రాయింగు చేతుల పెట్టి గిట్లనే పొయ్యి అననీకి?"

నాకు కోపం వచ్చింది. గుట్టమీద, నలుగురు వింటుండగా ఏంటీ మాటలని విసుక్కున్నాను. కోపం వచ్చిందంటే తగలాల్సిన చోట తగిలిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. నాలుగు మెట్లు ఎక్కాక, మరి ఏమని మొక్కాలో నువ్వే చెప్పమన్నాను, వెటకారంగానే.

"నాకేమెరుక? పుస్తకాలు సదివింది నువ్వు. రేపు నోరు లేశేటట్టు సూడుమను. ఎన్కనేమైతదో అది ఆయన సూసుకుంటడు. నాకైతె మోకాళ్లు గుంజుతున్నయ్, జర చెయ్యియ్యి."

చెయ్యిచ్చాను. పైన జనం కిక్కిరిసి ఉన్నారు. లింగం ముందు నిలబడటానికి దొరికింది రెండు క్షణాలు, వెనకనుంచి తోస్తూనే ఉన్నారు. ఆ రెండు క్షణాల్లో పాత షాపు గురించి అడగలేదు. ఉద్యోగం ఉంచమని కూడా అడగలేదు. నోరు లేచేలా చూడమన్నాను, అంతే. ఏ సూచనా కనపడలేదు. మెట్లు దిగేటప్పుడు భయం ఎక్కేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. ఇది కావాలనే రాస్తున్నాను. గుడిలోకి వెళ్లగానే గుండె తేలికైందని రాసేవాళ్లు చాలామంది. నాకు కాలేదు. బస్సులో తిరిగొస్తూ, సోమవారం ఏం జరిగితే ఏం చేయాలి అని పది రకాలుగా ఆలోచించుకుంటుంటే సత్తెమ్మ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆమె నమ్మకం ఆమెది. నాది అప్పటికి ఒక్క వాక్యం అంత.

సోమవారం తొమ్మిదిన్నరకే చెక్క ప్యాటర్న్‌ను ప్రభాకర్ బల్లమీద పెట్టాను. సాహితిని కూడా పిలవమన్నాను. నా స్కేలుతో ఒకసారి, వెర్నియర్‌తో ఒకసారి కొలిచి చూపించాను.

"సార్, ఆ నాలుగు మిల్లీమీటర్లు నావే. ఆమె రెండుసార్లు కలపలేదు. ముందే కలిపి ఉన్న కొలత నేను కాస్టింగ్ కొలతని చెప్పిన" అన్నాను.

ప్రభాకర్ స్కేలునూ వెర్నియర్‌నూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇరవై ఏడేండ్ల సర్వీసు పెట్టుకొని కొత్త పోరగాని తప్పు చేసినవా అన్నా?"

"కొత్త పోరడు చెయ్యలేడు సార్ ఈ తప్పు. దీనికి ఇరవై ఏడేండ్లు పడ్తది."

ఆయనకు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. సాహితి మాత్రం నవ్వలేదు. "నేనడిగాను కదండీ బాబాయ్ గారూ" అంది, మెల్లగా. ఆ మాటలో నింద ఉంది, ఉండాలి కూడా.

"అడిగినవ్ బిడ్డా. నేనే ఒర్రిన" అన్నాను.

ఆ తర్వాత జరిగింది పని ప్రకారం చెబుతాను. పెద్దదైన ప్యాటర్న్‌ను వెలుపలి నుంచి చెక్కి తగ్గించవచ్చు, యంత్రం ఆ పని చేసింది. కోర్ బాక్స్‌ది బోలు ఆకారం, లోపల ఎక్కువ చెక్కేశాక మళ్లీ నింపలేం. అది కొత్తగా చేయాల్సి వచ్చింది. టేకు తెప్పిస్తే రెండు రోజుల్లో చేత్తో చేసిస్తానన్నాను. ప్రభాకర్ వద్దన్నాడు. అది కూడా యంత్రమే చేసింది, బాగానే చేసింది.

నా విషయం పదకొండింటికి వచ్చిన యజమాని తేల్చాడు. చెకర్ పోస్టు నుంచి తీసేశారు. ఫినిషింగ్‌లో కాంట్రాక్టు మీద ఉండదలిస్తే ఉండమన్నారు. ఫినిషింగ్ అంటే యంత్రం చెక్కిన ప్యాటర్న్‌కు గరుకు కాగితం రుద్దడం, మూలలు మైనంతో నింపడం, రంగు వేయడం. నాచారంలో నా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదటి ఏడాది ఇచ్చే పని అది. ఒప్పుకున్నాను. నేను మొదట రుద్దింది ఆ పంపు ప్యాటర్న్‌నే. రెండో కాస్టింగ్ మీద మూత నాలుగు చెవులా కూర్చుంది. సాహితికి కన్ఫర్మేషన్ కాగితం ఆలస్యంగానైనా వచ్చింది.

ఆమె కొలతల ఫారం మార్చింది. మొదటి గడిలో, కొలిచింది కాస్టింగునా, ప్యాటర్న్‌నా అని రాయాలి. రెండో గడిలో, దేనితో కొలిచారో రాయాలి. ఆ రెండూ నింపకపోతే ప్రభాకర్ ఇచ్చిన కాగితమైనా వెనక్కి పంపేది. నాకు తీరిక దొరికిన మధ్యాహ్నాల్లో తెర మీద బొమ్మను ఎలా తిప్పాలో, ఏ మూలనుంచి ఏ మూలకు కొలత పట్టాలో చూపించింది. నేనూ ఒక మామూలు టేపు కొని ఇంట్లో తలుపులు, బీరువా, మంచం అన్నీ కొలిచాను, కంటికి అసలు మిల్లీమీటరు అలవాటు కావాలని. సత్తెమ్మ వారం రోజులు చూసి, ఇల్లు ఎవరికన్న అమ్ముతున్నవా ఏందని అడిగింది.

ఫినిషింగ్‌లో నాలుగేళ్లు పనిచేసి యాభై ఎనిమిదో ఏట మానేశాను. మళ్లీ చెకర్‌ను కాలేదు. పాత షాపు తెరవలేదు. ఆ స్థలంలో ఇప్పుడు అపార్టుమెంటు ఉంది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మావాళ్లలో ఎవరో ఒకరు, నిజం చెప్పావు కాబట్టే దేవుడు నీకు అన్నం పెట్టే పని నిలబెట్టాడు అంటారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండుతుంది. నా పోస్టు పోయింది, అందరూ చూశారు. ఆ సోమవారం నన్ను గేటు బయటికి పంపి ఉంటే అప్పుడేమంటారు? దేవుడు లేడంటారా? వీళ్లు దేవుడి మీద పెట్టేది నమ్మకం కాదు, షరతు. నేనూ ఆరు నెలలు అదే పెట్టాను కాబట్టి దాని ముఖం నాకు బాగా తెలుసు. ముందు ఏం జరగబోతుందో నాకు ఆ ఉదయం తెలియదు, ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాట ఏమిటో మాత్రం తెలుసు. అది చెప్పడం నా పని, దాని తర్వాతది నా పని కాదు. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు యాభై నాలుగేళ్లు పట్టింది.